ఇంజిన్ కొనేశాను, ఇప్పుడు కారు విప్పాలా వద్దా?

ప్రశ్న: ఒక పాఠకుడు రాసిన పెద్ద ఉత్తరం సారాంశం ఇది. ఆయన దగ్గర 1998 హోండా సివిక్ ఉంది. డి16 ఇంజిన్, ఐదు గేర్ల మాన్యువల్. కొంతకాలంగా అది వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాకా ఆయిల్ తాగుతోంది. ఆయన ఇంతవరకు సొంతంగా చేసినవి ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం, ఒకసారి రేడియేటర్ బిగించడం. ఏడాదిగా ఇంజిన్ స్వాప్ (కారులో వేరే ఇంజిన్ పెట్టడం) వీడియోలు చూస్తూ, ఆన్‌లైన్‌లో కార్ల అభిమానులను అడుగుతూ వచ్చారు. ఒకరు "బి సిరీస్ (హోండాలోనే ఇంకో ఇంజిన్ కుటుంబం) వేసేయ్, బోల్టులు బిగిస్తే చాలు, రెండు రోజుల పని" అన్నారు. ఆ మాట మీద 1995 ఇంటిగ్రాలోంచి తీసినదని చెప్పిన బి18సి ఇంజిన్ కొనేశారు. ఒట్టి ఇంజిన్ మాత్రమే. గేర్‌బాక్స్ రాలేదు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) రాలేదు, వైరింగ్ మధ్యలో కోసేసి ఉంది. కొన్నాక ఇంకొకరు "అది పాత కథ, కె24 (హోండా తర్వాతి తరం ఇంజిన్) వేయాల్సింది" అన్నారు. మరొకరు "ఉన్న డి16నే బాగుచేసుకో" అన్నారు. ఈసీయూ వైర్ల గురించి అడిగితే ఒకే కారుకు రెండు వేర్వేరు చిత్రాలు వచ్చాయి. ఇంకో ప్రశ్నకు "ఇది కూడా తెలియకుండా ఎందుకు మొదలుపెట్టావ్" అన్న జవాబు వచ్చింది. ఇంట్లో ఉన్నది ఈ ఒక్క కారే. వారంలో మూడు రోజులు ఆయన భార్య దాంట్లోనే ఉద్యోగానికి వెళ్తారు. "విప్పితే మళ్లీ ఎప్పుడు నడుస్తుంది?" అని ఆమె అడిగితే ఆయన దగ్గర సమాధానం లేదు. ముందుకు వెళ్లాలా, ఇంజిన్ అమ్మేయాలా, వర్క్‌షాప్‌కు అప్పగించాలా, అసలు ఎవరి మాట నమ్మాలి అన్నది ఆయన అడుగుతున్నారు.

సమాధానం: ముందుగా ఒక మాట. మీ కారు ఇంకా నడుస్తోంది. మీ చేతిలో ఉన్న అతిపెద్ద వెసులుబాటు అదే. ఏ నిర్ణయం తీసుకున్నా, కావలసిన చివరి వస్తువు కూడా ఇంటికి చేరేదాకా పాత ఇంజిన్ మీద పానా పెట్టకండి. ఇంజిన్ స్వాప్‌లో కార్లు నెలల తరబడి స్టాండ్ల మీద ఉండిపోవడానికి కారణం చాలాసార్లు పని కష్టం కావడం కాదు. ఏదో ఒక బ్రాకెట్టో, ఒక డ్రైవ్ షాఫ్టో, ఒక ప్లగ్గో దొరక్కపోవడం.

మీకు వచ్చిన సలహాలు ఒకదానితో ఒకటి కొట్టుకోవడానికి కారణం చూద్దాం. వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ఒక్కొక్కరు ఒక్కో కారు గురించి మాట్లాడారు. "బోల్టులు బిగిస్తే చాలు" అన్నవారి మాటకు గట్టి ఆధారమే ఉంది. మీ తరం సివిక్ బాడీలో హోండా తానే బి సిరీస్ ఇంజిన్ పెట్టి అమ్మింది. ఉత్తర అమెరికాలో 1999, 2000 సంవత్సరాల సివిక్ ఎస్‌ఐలో బి16ఏ2, జపాన్‌లో 1997 నుంచి టైప్ ఆర్‌లో బి16బి వచ్చాయి. అందుకే ఆ ఇంజిన్‌కు చోటు, మౌంటింగులు పట్టే స్థలాలు మీ కారులో ఉన్నాయి. వెల్డింగ్ అక్కర్లేదు. అయితే ఆ మాట చెప్పినవారి దగ్గర బహుశా గేర్‌బాక్స్‌తో సహా పూర్తి సెట్టు ఉండి ఉంటుంది. మీ దగ్గర లేదు. డి16 గేర్‌బాక్స్ బి18సి వెనక పట్టదు, బోల్టు రంధ్రాల అమరికే వేరు. "రెండు రోజులు" అన్న లెక్క ఇక్కడే తప్పింది.

కె24 అన్నవారిదీ తప్పు కాదు, మంచి ఇంజిన్ అది. కానీ మీ బాడీలో హోండా ఎన్నడూ దాన్ని పెట్టలేదు. కె సిరీస్‌లో ఎగ్జాస్ట్ వెనక, అంటే డ్యాష్ గోడ వైపు ఉంటుంది, ఇన్‌టేక్ ముందు వైపు. మీ డి16, బి18సి రెండింటిలోనూ ఇది తిరగేసి ఉంటుంది. ఇంజిన్ తిరిగే దిశ కూడా ఎదురే. కాబట్టి మౌంటింగులు, గేరు లివర్ కేబుళ్లు, డ్రైవ్ షాఫ్టులు, ఎగ్జాస్ట్, వైరింగ్, ఈసీయూ అన్నీ మార్పిడి కోసం తయారుచేసిన విడి కిట్ల మీద ఆధారపడాలి. మొదటిసారి చేసేవారికి ఆ దారి నేను సూచించను. ఉన్న ఒక్క కారు మీద అసలే వద్దు.

ఇక వైరింగ్ చిత్రాలు. ఓబీడీ అంటే కారు తన లోపాలను తానే గుర్తించి చెప్పే పద్ధతి, పక్కనున్న అంకె దాని తరం. 1998 సివిక్‌లో ఉన్నది ఓబీడీ2ఏ రకం ఈసీయూ. 1999, 2000 వాటిలో ఓబీడీ2బి. 1995 ఇంటిగ్రాలో ఓబీడీ1. మూడింటి ప్లగ్గులూ వేరు, పిన్నుల స్థానాలూ వేరు. మీకు వచ్చిన రెండు చిత్రాలూ సరైనవే కావచ్చు, ఒకటి మీ కారుది కాకపోవచ్చు. ఇకమీదట ఏ చిత్రం చూసినా పైన ఈ మూడింటిలో ఏదో రాసి ఉందా అని చూడండి. రాసి లేకపోతే పక్కన పెట్టేయండి.

ఎవరి మాట నమ్మాలన్న ప్రశ్నకు నా జవాబు మనుషులను బట్టి కాదు, విషయాన్ని బట్టి. అంకెలు ఫ్యాక్టరీ సర్వీస్ మాన్యువల్ నుంచే తీసుకోండి. టార్క్ (బోల్టును ఎంత బలంతో బిగించాలన్నది), క్లియరెన్స్ (భాగాల మధ్య ఉండాల్సిన సందు), పిన్ నంబరు, ఆయిల్ పరిమాణం, ఇవేవీ ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడి చేయకండి. ఉదాహరణకు ఫ్లైవీల్ బోల్టులకు డి16లో 118 న్యూటన్ మీటర్లు, బి సిరీస్‌లో 103. "హోండాకు 118 పెట్టు" అని ఎవరైనా మంచి మనసుతోనే చెప్పినా అది మీ కొత్త ఇంజిన్‌కు తప్పు. అలాగే "క్రాంక్‌ను (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసును) ఎప్పుడూ గడియారం దిశలోనే తిప్పాలి" అన్నది చాలా ఇంజిన్లకు సరైన మాట. మీ డి16కీ, బి18సికీ మాత్రం కాదు. పుల్లీ వైపు నుంచి చూస్తే ఇవి గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి, చేత్తో తిప్పేటప్పుడూ అటే తిప్పాలి. తప్పు దిశలో తిప్పితే టైమింగ్ బెల్ట్ వదులై పన్ను దాటే ప్రమాదం ఉంది. ఈ ఇంజిన్లలో బెల్ట్ తప్పితే వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగుతాయి.

కానీ మాన్యువల్ మీ పరిస్థితిని ఎరగదు. ఆ కారులో పుట్టిన ఇంజిన్ ఆ కారులోనే ఉంటుందన్న లెక్కతో రాసినది అది. ఏ బ్రాకెట్ ఏ బాడీకి పడుతుంది, ఏ డ్రైవ్ షాఫ్ట్ పొడవు సరిపోతుంది, గేరు లింకేజీ పిన్ను తుప్పు పట్టి రాకపోతే ఏ కోణం నుంచి కొట్టాలి అన్నవి చేసినవాళ్లకే తెలుసు. అమరిక విషయంలో అభిమానుల మాట వినండి, కానీ నాలుగు విషయాలు రాబట్టాకే: వారి కారు ఏ సంవత్సరం, ఇంజిన్ కోడ్ ఏది, గేర్‌బాక్స్ ఏది, ఈసీయూ ఏది. ఈ నాలుగూ మీవాటితో కలిస్తే ఆ సలహా బంగారం. ఒక్కటి తేడా వచ్చినా ఆ తేడా వల్ల ఏం మారుతుందో వెతకాలి. తమకు ఏం చెడిందో, దాన్ని ఎలా సరిచేశారో కూడా చెప్పేవారి మాటకు ఎక్కువ విలువ ఇవ్వండి. స్టార్ట్ అయిన రోజుతో ఆగిపోయే వీడియో కన్నా, ఆ తర్వాత వేల కిలోమీటర్లు నడిపి రాసిన నాలుగు వాక్యాలు ఎక్కువ పనికొస్తాయి.

మిమ్మల్ని కించపరిచిన జవాబు గురించి బాధపడకండి. అయితే అడిగే తీరు మారిస్తే జవాబుల తీరు కూడా మారుతుంది. "సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ కావడం లేదు, ఎందుకు?" అంటే ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. "1998 సివిక్, 1995 బి18సి, ఓబీడీ1 పి72 ఈసీయూ, కన్వర్షన్ హార్నెస్. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ 10.4 వోల్టులు. కీ తిప్పగానే పెట్రోల్ పంపు రెండు సెకన్లు మోగుతోంది. నాలుగు ప్లగ్గుల్లోనూ నిప్పురవ్వ లేదు" అని రాయండి. (పి72 అన్నది ఇంటిగ్రా జీఎస్‌ఆర్ ఈసీయూ కోడ్, కన్వర్షన్ హార్నెస్ అంటే ఒక రకం ప్లగ్గును ఇంకో రకానికి కలిపే వైర్ల కట్ట.) అప్పుడు జవాబు చెప్పగలిగినవాళ్లే జవాబు చెబుతారు.

ఇప్పుడు దారులు చూద్దాం. ఏ దారికైనా ముందు చేయాల్సిన పనులు రెండున్నాయి, రెండింటికీ కారును ఆపక్కర్లేదు.

మొదటిది, మీ డి16 నిజంగా బోరుకు వచ్చిందో లేదో తేల్చుకోవడం. ఆయిల్ తాగినంత మాత్రాన ఇంజిన్ పోయినట్టు కాదు. పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌కు పంపేది) మూసుకుపోయినా ఆయిల్ లాగుతుంది, అది అతి చవకైన భాగం. రాత్రంతా ఆగి ఉన్న బండి పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వచ్చి తగ్గిపోతుంటే వాల్వ్ స్టెమ్ సీళ్లను (వాల్వు కాడ వెంట ఆయిల్ దిగకుండా ఆపేవాటిని) అనుమానించాలి. వాటిని ఇంజిన్ దించకుండానే మార్చవచ్చు. కంప్రెషన్ పరీక్ష చేయండి: ఇంజిన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీయాలి, పెట్రోల్, ఇగ్నిషన్ రెండూ ఆపాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. నాలుగు అంకెలూ రాసుకోండి. హోండా లెక్కలో కనీసం 135 పీఎస్‌ఐ, సిలిండర్ల మధ్య తేడా 28 పీఎస్‌ఐ మించకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి.

రెండోది, కొన్న ఇంజిన్ మీద అదే అనుమానం పెట్టడం. అమ్మినవారు చెప్పిన కిలోమీటర్లకు ఇంజినే సాక్ష్యం చెప్పాలి. బ్లాక్ (సిలిండర్లుండే కింది భాగం) మీద, గేర్‌బాక్స్ కలిసే అంచు దగ్గర చదునైన చోట ఇంజిన్ కోడ్ చెక్కి ఉంటుంది. హెడ్ (వాల్వులుండే పై భాగం) మీద పోతపోసిన గుర్తు, ఇంటిగ్రాలో బి18సితో వచ్చిన జీఎస్‌ఆర్ రకానిదైతే పి72, టైప్ ఆర్, బి16లదైతే పీఆర్3. బ్లాక్ ఒకటి, హెడ్ ఇంకొకటి అయితే ఎవరో విప్పి కలిపారన్నమాట. అది చెడ్డదని కాదు, కానీ విప్పి చూడక తప్పదు. గేర్‌బాక్స్ లేకుండా సెల్ఫ్ మోటార్ బిగించే చోటు లేదు కాబట్టి ఇక్కడ లీక్‌డౌన్ పరీక్ష మేలు. ఒక్కో పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చి, క్రాంక్ కదలకుండా పొడవాటి బార్‌తో గట్టిగా పట్టి, 100 పీఎస్‌ఐ గాలి ఎక్కించి ఎంత పోతోందో చూడాలి. బార్ వదిలేస్తే గాలి పిస్టన్‌ను తోసి క్రాంక్‌ను తిప్పుతుంది, చేతికి దెబ్బ తగులుతుంది, జాగ్రత్త. పది శాతం లోపు పోతే బాగున్నట్టు. ఇరవై దాటితే కారణం వెతకాలి. గాలి చప్పుడు ఇన్‌టేక్‌లో వినబడితే ఇన్‌టేక్ వాల్వు, ఎగ్జాస్ట్‌లో వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినబడితే రింగులు. ఆయిల్ సంపు విప్పి అడుగున చూడండి. మెరిసే లోహపు పొడి ఉంటే బేరింగులు తెరిచి చూసేదాకా ఆ ఇంజిన్ ఏ కారులోకీ వెళ్లకూడదు.

ఈ రెండు పరీక్షల ఫలితాలు మీ చేతికి వచ్చాక దారి చాలావరకు తేలుతుంది.

డి16కు సీళ్లో పీసీవీయో సరిపోతుందని తేలితే అదే చేసి కారు నడుపుకోండి. బి18సిని ఇంజిన్ స్టాండ్ మీద పెట్టి, తొందర లేకుండా విప్పి కలుపుతూ నేర్చుకోండి. నేర్చుకోవాలన్న కోరిక తీరడానికి కారు ఆగిపోనక్కర్లేదు. స్టాండ్ గేర్‌బాక్స్ బోల్టుల రంధ్రాలకే పడుతుంది. అవి ఎం12, 1.25 పిచ్ మరలు. స్టాండ్ మీద ఉండగా ఫ్లైవీల్, వెనక ఆయిల్ సీల్ పని చేయలేరు, ఆ రెండూ ఇంజిన్ క్రేన్‌కు వేలాడే దశలో చేసుకోవాలి.

డి16 నిజంగానే బోరుకు వచ్చిందనుకోండి, మీ శ్రీమతికి కారు ఫలానా తేదీకల్లా కావాలనుకోండి. అప్పుడు మంచి డి16నే తెచ్చి డి16 స్థానంలో పెట్టడం గురించి ఆలోచించండి. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు, నేను చూడను. ఇంజిన్ దించడం, క్లచ్ మధ్యకు కూర్చోబెట్టడం, గేర్‌బాక్స్ కలపడం, డ్రైవ్ షాఫ్టులు తీసి పెట్టడం, కూలెంట్‌లో గాలి తీయడం, మొదటిసారి స్టార్ట్ చేయడం, స్వాప్‌లో ఉన్న యంత్రపు పని అంతా ఇందులోనూ ఉంది. లేనిది వైరింగ్ ఒక్కటే. మీ గేర్‌బాక్స్, ఈసీయూ, మౌంటింగులు అన్నీ ఉన్నవే పనికొస్తాయి. బి18సిని అమ్మవచ్చు, దాచుకోవచ్చు. దీనికి మీరు చెల్లించే మూల్యం ఒకటే: మీరు కలగన్న శక్తి రాదు.

బి18సినే పెట్టాలని మనసు గట్టిగా చెబితే, కొన్న ఇంజిన్ పరీక్షలో నెగ్గితే, అది సాధ్యమే. కావలసినవి చెబుతాను, ముందే సమకూర్చుకోండి. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న బి సిరీస్ గేర్‌బాక్స్ కావాలి. కేబుల్ క్లచ్‌తో వచ్చే పాత తరం బి గేర్‌బాక్సులూ దొరుకుతాయి, అవి మీ కారుకు నేరుగా పట్టవు. దాంతో పాటు బి సిరీస్ గేరు లింకేజీ, 1994 నుంచి 2001 దాకా వచ్చిన ఇంటిగ్రా జీఎస్‌ఆర్ డ్రైవ్ షాఫ్టులు, వాటి మధ్యలో వచ్చే ఇంటర్మీడియట్ షాఫ్ట్ కావాలి. టైమింగ్ బెల్ట్ వైపు బ్రాకెట్, గేర్‌బాక్స్ వైపు బ్రాకెట్, వెనక టీ ఆకారపు బ్రాకెట్ మూడూ బి సిరీస్‌వి కావాలి. ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, పవర్ స్టీరింగ్ పంపు బ్రాకెట్లు కూడా. సివిక్ ఎస్‌ఐ సర్వీస్ మాన్యువల్ సంపాదించండి. మీ బాడీలో బి ఇంజిన్ ఎలా కూర్చుంటుందో హోండా తానే గీసి చూపిన పుస్తకం అది.

వైరింగ్ దగ్గర కాస్త నెమ్మదించండి, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కోసేసిన ఇంటిగ్రా వైరింగ్‌ను అతికించి వాడాలని చూడకండి. మీ కారు సొంత వైరింగ్‌ను అలాగే ఉంచి, ఇంజిన్‌నే దానికి తగ్గట్టు మార్చండి. 1996 తర్వాతి బి సిరీస్ డిస్ట్రిబ్యూటర్, ఇంజెక్టర్లు, ఆల్టర్నేటర్ వేస్తే మీ ప్లగ్గులు నేరుగా పడతాయి. ఇంజెక్టర్ల విషయంలో ఇంకో ముఖ్యమైన కారణం ఉంది. 1995 ఇంటిగ్రాలో తక్కువ నిరోధం ఉన్న ఇంజెక్టర్లు, వాటికి విడిగా రెసిస్టర్ పెట్టె వచ్చేవి. మీ సివిక్‌లో ఆ పెట్టె లేదు. మల్టీమీటర్‌తో ఇంజెక్టర్ రెండు కాళ్ల మధ్య చూడండి. 2 ఓమ్‌ల దగ్గర వస్తే అది పాత రకం, 10 నుంచి 13 వస్తే మీ కారుకు సరిపోయే రకం. పాతవాటిని పెట్టె లేకుండా కలిపితే ఈసీయూలో వాటిని నడిపే భాగం కాలిపోతుంది. ఇది పది నిమిషాల పరీక్ష, తప్పకుండా చేయండి.

ఈసీయూకు రెండు మార్గాలు. ఓబీడీ1 పి72 ఈసీయూను కన్వర్షన్ హార్నెస్‌తో కలపడం సులువు. అయితే ఓబీడీ2 పోర్టుకు స్కానర్ పెట్టి కాలుష్య పరీక్ష చేసే చోట కారు నెగ్గదు, ఎందుకంటే ఆ పోర్టు ఇక ఏమీ చెప్పదు. ఓబీడీ2 పి72 వాడితే పోర్టు పనిచేస్తుంది. కానీ అది ఆయిల్ పంపు దగ్గర ఉండే క్రాంక్ ఫ్లక్చుయేషన్ సెన్సర్ (క్రాంక్ తిరిగే వేగంలో తేడాలు పసిగట్టేది) కోసం వెతుకుతుంది. 1995 ఇంజిన్‌లో అది ఉండదు. ఆ సెన్సర్ ఉన్న ఆయిల్ పంపు వేయాలి, లేకపోతే చెక్ ఇంజిన్ లైటు వెలిగే ఉంటుంది. ఏ మార్గమైనా వీటెక్ (వాల్వులు తెరుచుకునే తీరును మార్చే హోండా ఏర్పాటు) సోలెనాయిడ్, వీటెక్ ప్రెషర్ స్విచ్, నాక్ సెన్సర్, ఇన్‌టేక్‌లో రెండో దారి తెరిచే ఐఏబీ సోలెనాయిడ్, ఈ నాలుగింటికీ వైర్లు ఈసీయూ దాకా చేరాలి. కొన్ని మీ వైరింగ్‌లో ఇప్పటికే ఉండవచ్చు. లేనివాటికి కొత్త వైరు లాగి, సరైన టెర్మినల్ క్రింప్ చేసి, ష్రింక్ గొట్టం వేయండి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఇంజిన్ వేడికి వదులై నెల తర్వాత ఇబ్బంది పెడుతుంది. మీ కారు తాళంలో ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉంటే ఈసీయూ మార్చినప్పుడు అదీ అడ్డుపడుతుంది. దానికి ముందే దారి చూసుకోండి.

యంత్రపు పని మీరే చేసుకొని, వైరింగ్ ఒక్కటి అనుభవం ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వడం మధ్యేమార్గం. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. మొత్తం వర్క్‌షాప్‌కు ఇస్తే కారు త్వరగా రావచ్చు, పని నేర్చుకునే అవకాశం మాత్రం పోతుంది. ఇవ్వదలిస్తే ఏ ఈసీయూ, ఏ గేర్‌బాక్స్, ఏ డ్రైవ్ షాఫ్టులు వేస్తారో కాగితం మీద రాయించుకోండి.

ఇంకో సంగతి, ఇది అన్నిటికన్నా ముందు చేయాలి. ఇంజిన్ నంబరు మారితే రిజిస్ట్రేషన్ పత్రంలో మార్చుకోవాల్సిన నియమం, ముందస్తు అనుమతి, బీమా కంపెనీకి తెలియజేయడం మీరుండే చోట ఎలా ఉన్నాయో కనుక్కోండి. అమ్మినవారి నుంచి ఇంజిన్ నంబరు రాసి ఉన్న రసీదు తీసుకోండి. అది ఇవ్వడానికి వెనకాడితే ఆ ఇంజిన్‌ను వెనక్కి ఇచ్చేయడమే మంచిది.

ఇంజిన్ దించే రోజు గురించి కొన్ని మాటలు. ఏసీ గొట్టాలు విప్పవద్దు. కంప్రెసర్‌ను గొట్టాలతో సహా పక్కకు తీసి తాడుతో కట్టేయండి, పవర్ స్టీరింగ్ పంపూ అంతే. క్లచ్ స్లేవ్ సిలిండర్ (ద్రవ ఒత్తిడితో క్లచ్‌ను నెట్టే చిన్న సిలిండర్) కూడా గొట్టం విప్పకుండా పక్కన పెట్టవచ్చు, కానీ అది బయట ఉన్నంతసేపు ఎవరూ క్లచ్ పెడల్ తొక్కకూడదు, తొక్కితే పిస్టన్ బయటకు వచ్చేస్తుంది. పెట్రోల్ లైన్ విప్పేముందు ఫిల్టర్ మీది సర్వీస్ బోల్టును గుడ్డ చుట్టి మెల్లగా వదులు చేసి ఒత్తిడి దించండి. బ్యాటరీ అప్పటికే తీసి ఉండాలి, మంటలార్పే సిలిండర్ చేతికి అందేంత దూరంలో ఉండాలి. క్రేన్ మీద రాసిన రెండు టన్నులు చేయి కుదించి ఉన్నప్పటి లెక్క. పూర్తిగా చాపితే చాలా క్రేన్లలో అది అర టన్నుకు పడిపోతుంది. వేలాడే ఇంజిన్ కింద చేయి, కాలు ఏదీ పెట్టవద్దు. కారు జాకీ మీద కాదు, స్టాండ్ల మీదే ఉండాలి. ఒంటరిగా చేయకండి.

ఇంజిన్ బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు, థర్మోస్టాట్, వెనక ఆయిల్ సీల్, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మార్చేయండి. లోపల పెట్టాక వీటిని మార్చడం కష్టం, వెనక సీల్, క్లచ్ కోసమైతే మళ్లీ గేర్‌బాక్స్ దించాలి. ప్రెషర్ ప్లేటు బోల్టులను, క్లచ్ ప్లేటును మధ్యలో నిలిపే అలైన్‌మెంట్ టూల్ ఉంచి, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా 25 న్యూటన్ మీటర్ల దాకా తీసుకురండి. గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు కలిపేటప్పుడు రెండు అంచులూ చేత్తోనే పూర్తిగా కలవాలి. సందు మిగిలితే బోల్టులతో లాగి మూసేయాలని చూడకండి. క్లచ్ ప్లేటు మధ్యలో లేదనో, రెండు అంచులను సరిగ్గా కూర్చోబెట్టే డోవెల్ పిన్ను తప్పిందనో దాని అర్థం. బలవంతంగా బిగిస్తే అల్యూమినియం చెవి విరుగుతుంది.

మొదటి స్టార్ట్‌కు ముందు ఎర్త్ వైర్లు లెక్కపెట్టండి. థర్మోస్టాట్ హౌసింగ్‌కు పట్టే ఈసీయూ ఎర్త్‌ను చాలామంది మర్చిపోతారు. అది లేకపోతే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, కానీ ఇంజిన్ స్టార్ట్ కాదు, లేదా సెన్సర్లన్నీ వింత అంకెలు చూపిస్తాయి. జనం ఈసీయూ పోయిందనుకుని కొత్తది కొంటారు. ఇంజిన్ నుంచి బాడీకి, గేర్‌బాక్స్ నుంచి బాడీకి వెళ్లే పట్టీలూ రుద్ది శుభ్రం చేసి బిగించండి. బి సిరీస్ గేర్‌బాక్స్‌లో 2.2 లీటర్ల ఆయిల్ పోయడం మరవకండి. ఇంజెక్టర్ల ఫ్యూజు తీసి, ప్లగ్గులు లేకుండా, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. పది పది సెకన్లు కొట్టి మధ్యలో ఆపండి. ఆ తర్వాతే ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేయండి. వీలైతే మెకానికల్ గేజి పెట్టి చూడండి: వేడెక్కాక ఐడిల్‌లో కనీసం 10 పీఎస్‌ఐ, 3000 ఆర్‌పీఎం దగ్గర 50 ఉండాలి. హీటర్ పూర్తిగా వేడి వైపు తిప్పి, కూలెంట్ గొట్టం దగ్గరి గాలి బోల్టు వదులు చేసి బుడగలు ఆగాక బిగించండి. రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా వదిలి వెళ్లకండి. ఆ తర్వాత సర్వీస్ కనెక్టర్‌కు జంపర్ (రెండు పిన్నులను కలిపే వైరు ముక్క) పెట్టి, బి18సి అయితే ఇగ్నిషన్ టైమింగ్ 16 డిగ్రీలకు సరిచేయండి.

మీ శ్రీమతికి ఏం చెప్పాలంటే, భాగాలన్నీ సిద్ధంగా ఉన్నా బి18సి మార్పిడికి మొదటిసారి చేసేవారు ఆరు నుంచి పది వారాంతాలు అనుకోవడం న్యాయం. డి16కు డి16 అయితే మూడు, నాలుగు. అన్నాళ్లు ఆమె ఉద్యోగానికి ఎలా వెళ్తారన్నది కూడా భాగాల జాబితాలో రాయాల్సిన విషయమే, దానికి దారి దొరికాకే విప్పండి.

ఇప్పటికి మీరు చేయాల్సింది నాలుగు డి16 కంప్రెషన్ అంకెలు, నాలుగు బి18సి లీక్‌డౌన్ అంకెలు, బ్లాక్ కోడ్, హెడ్ గుర్తు, ఒక ఇంజెక్టర్ ఓమ్‌లు రాసుకోవడం. అవి పంపితే ఏ దారి మేలో ఇంకా కచ్చితంగా మాట్లాడుకోవచ్చు.